అరకొక పొట్లం

ఖాళీ గోడల్ని ఫోటో తీయడమంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. ఫోటో అంటే మనిషుండాలి. ఆ మనిషి తల దువ్వుకోవాలి, మొహానికి పౌడరు రాసుకోవాలి, నేను నవ్వమనగానే బిగుసుకుపోవాలి. కంచరపాలెంలో రైల్వే గేటు పక్కన స్టూడియో పెట్టినప్పటి నుంచీ నేను చేసిన పని అదే. స్టూడియోలో మేకుకి ఒక నల్లకోటు వేలాడుతూ ఉంటుంది. అది ఎవరికైనా సరిపోతుంది, వదులైతే వెనక పిన్నీసు పెట్టేస్తాను. నడవని చేతిగడియారం ఒకటి, తీగ లేని టెలిఫోను ఒకటి కూడా ఉన్నాయి. మా పేటలో సగంమంది పెళ్లికొడుకులు ఆ కోటు తొడుక్కునే ఆడపిల్లల ఇళ్లకు ఫోటోలుగా వెళ్లారు. ఇందులో మోసమేమీ లేదు. ఆ కోటు అబ్బులు స్టూడియోదని అవతలివాళ్లకీ తెలుసు, వాళ్ల అబ్బాయి తొడుక్కున్నదీ అదే కాబట్టి.

అబ్బులంటే నేనే. మాది గోదావరి పక్క. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా నేను 'అండీ' అంటే ఈ వీధివాళ్లు ఇంకా నవ్వుతూనే ఉంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. ఆ మాట నిజమే.

అలాంటి నన్ను ఎనభై అయిదులో పిలిచి, మూసేస్తున్న కొట్లకు ఫోటోలు తీయమన్నారు.

శ్రమజీవి బజారు గురించి చెప్పాలి. రేవులోనూ రైల్వేలోనూ పనిచేసేవాళ్లకు బయటి రేటు కంటే తక్కువకి సరుకు అందాలని డెబ్బైల మొదట్లో పెట్టిన సహకార కొట్లవి. ఊరంతా పచ్చబోర్డులు వెలిశాయి. జనం 'జీవి కొట్టు' అని ముద్దుగా పిలుచుకున్నారు. కందిపప్పు, కొబ్బరినూనె, బట్టల సబ్బు, నేతపంచెలు, అన్నీ అక్కడే. పండగ ముందు క్యూలు వీధి మలుపు దాటేవి. మా ఆవిడ నాగమణి కూడా ఆ క్యూలోనే నిలబడేది. నేను మాత్రం ఆ కొట్లో ఏనాడూ ఏమీ కొనలేదు. సంచీ పట్టుకుని ఒకరి వెనక ఒకరు నిలబడటం నావల్ల కాదు.

తరవాత ఏమైందో నాలాంటివాడికి తెలీదు. పైన ఎవరికీ ఎవరికీ పడలేదన్నారు. వారం వారం వచ్చే సరుకు లారీ నెలకొకసారి రాసాగింది, ఆపైన రావడమే మానేసింది. ఒక్కొక్క కొట్టే మూతపడటం మొదలైంది. ఆ మూసే పని చూడ్డానికి హైదరాబాదు నుంచి రమణమూర్తిగారని ఒక ఆఫీసరు వచ్చారు. జనం ఊరుకుంటారా, 'మూసేసే ఆఫీసరు' అని పేరు పెట్టేశారు. పేరుకి తగ్గట్టు కర్కోటకుడేమీ కాదు. సన్నగా, నెమ్మదిగా, ఎవరితో మాట్లాడినా తనే ఏదో తప్పు చేసినట్టు మాట్లాడే మనిషి.

మిగిలిన ప్రతి కొట్టుకూ బయట బోర్డుతో ఒకటి, లోపల అరలతో ఒకటి ఫోటో కావాలన్నారాయన. కాగితాల్లో ఏ కొట్టు లెక్కా సరిగ్గా లేదట, అందుకని. "ఉన్నది ఉన్నట్టు తీయండి అబ్బులుగారూ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఉన్నది ఉన్నట్టు తీయించుకోవడానికి నా స్టూడియోకి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఇంకో మాట కూడా అన్నారు. అన్నీ మూయరట. ఏదో ఒక్క కొట్టుని ఉంచి, ఆ పేట ఆడవాళ్ల సంఘానికి అప్పజెప్పి, సరుకు మళ్లీ పంపిస్తారట. ఏ కొట్టు అనేది ఫోటోలు చూసి రాస్తారట. దేన్నిబట్టి రాస్తారో మాత్రం చెప్పలేదు. ఆ మాట నేను ఇల్లు చేరేలోపే అన్ని కొట్లకూ చేరిపోయింది.

మొదట పద్మనాభం అనే ఊరికి వెళ్లాను. వరిచేల మధ్య బస్సు దిగి నడిస్తే ఒక అద్దింటి వసారాలో ఉంది కొట్టు. దాన్ని చూసుకునే అప్పలసూరి పెళ్లినాటి సిల్కు చొక్కా తొడుక్కుని నాకోసం కాచుక్కూచున్నాడు. లోపల ఎలకలు కొట్టేసిన గోనెసంచులు తప్ప ఏమీ లేవు. ఆ ఊరివాళ్లు చాలామంది రోజూ టౌనుకి పనికొస్తారు, సరుకులూ అక్కడే కొనుక్కుని పోతారు. తన కొట్టు నిలవదని అప్పలసూరికి తెలుసు. అయినా తలకి నూనె రాసి పాపిడి తీసుకున్నాడు. ఫోటో తీశాక, బాగా వస్తే తనకొకటి ఇమ్మన్నాడు. ఉద్యోగం పోతున్న మనిషి నన్నడిగింది అదొక్కటే. తిరుగు బస్సులో నాకు చాలా బాధేసింది.

ఆటోనగర్ కొట్టు సన్యాసిరాజుది. చుట్టూ లారీల షెడ్లు, వెల్డింగు రవ్వలు. సన్యాసిరాజుకి ఫోటో అంటే లెక్కే లేదు. కట్టుకున్న లుంగీ కూడా మార్చలేదు. గడప మీద కూర్చుని బీడీ కాలుస్తూ, ఏం తీసుకుంటావో తీసుకో అన్నట్టు లోపలికి చెయ్యి చూపించాడు. అరలన్నీ బోసిగా ఉన్నాయి. దుమ్మయినా దులపలేదు. ఫోటోగ్రాఫరు వస్తున్నాడంటే ఇదా మర్యాదని నాలుగు దులిపేసి, ఆ బోసి అరలనే తీసుకుని వచ్చేశాను.

ఇక మిగిలింది కంచరపాలెం, అంటే మా వీధిలోదే. దాన్ని చూసేది దేముడమ్మప్ప. ఈ పక్క అక్కని అప్ప అంటారు. వీధిలో అందరికీ ఆవిడ అప్పే. పద్మనాభం అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, మా పేటకి కోడలిగా వచ్చింది. పెనిమిటి జబ్బుచేసి పోయాక, కొట్టు తెరిచిన కొత్తల్లో తూకం వేసే పనిలో చేరింది. పైవాళ్లు ఒక్కొక్కరే మానేసి వెళ్లిపోగా చివరికి కొట్టంతా తనే అయింది. పిల్లల్లేరు. ఆ కొట్టు పోతే ఆవిడకి తిండి పోవడం ఒక్కటే కాదు, పొద్దున్నే లేచి తల దువ్వుకుని వెళ్లడానికి చోటు లేకుండా పోతుంది.

నేను వెళ్లేసరికి తలుపులు తీసి ఉన్నాయి, అప్ప పెరట్లో ఎక్కడో ఉంది. తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా అరల మీద పడుతోంది. అరలు ఖాళీ. కానీ ఆటోనగర్ ఖాళీ లాంటిది కాదు. దుమ్ము లేదు. తుడిచి తుడిచి చెక్క నిగనిగలాడుతోంది. ప్రతి అరలోనూ నట్టనడుమ ఒక్కటంటే ఒక్క వస్తువుంది. ఒకదాంట్లో ఉప్పు పొట్లం, ఒకదాంట్లో సబ్బుబిళ్ల, ఒకదాంట్లో అగ్గిపెట్టె. ఖాళీ గోడలంటే మంట అని చెప్పానే, ఆ నేనే చేతులు ఊరుకోక కెమెరా విప్పి ఒకటి తీసేశాను.

చప్పుడు విని అప్ప చీపురుతో వచ్చింది. నన్నూ కెమెరానీ చూసి మొహం నల్లబడిపోయింది.

"ఏటి సేత్తన్నావు అబ్బులూ? తలంటుకున్న ఆడమనిసి జుట్టు ముడేసుకోకముందే తీసీసినట్టున్నాది. అది ఎవుళికీ సూపించకు."

సరేలే అన్నాను. ఆ సరే చాలలేదు. కౌంటరు మీదున్న తక్కెడ దగ్గరికి లాక్కెళ్లి, పళ్లెం మీద చెయ్యి పెట్టి చెప్పమంది. ఆవిడ ఇన్నేళ్లూ తూచిన తక్కెడ అది. చెయ్యి పెట్టి, చూపించనని చెప్పాను.

అరకొకటి ఎందుకుంచావని అడిగితే అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. వాళ్ల పల్లెలో ధాన్యం గాదెని అడుగంటా ఊడవరట. ఎంత కరువొచ్చినా దోసెడు గింజలు అడుగున ఉంచుతారట. అవి ఉంటే మళ్లీ నిండుతుందని నమ్మకం. అందుకని ఏ సరుకైనా ఆఖరిది అమ్మలేదు. అడిగినవాళ్లకి కూడా ఇవ్వలేదు, వాళ్లూ ఆ సంగతి తెలిసి అడగడం మానేశారు.

తరవాత ఆవిడ చేసిన పని చూసి నేను నోరు తెరిచాను. కొంగు బిగించి వీధిలోకి వెళ్లింది. ఎదురుగా గంగరాజు కిరాణా కొట్టు ఉంది. జీవి కొట్టు తన బేరం తినేస్తోందని ఆ గంగరాజు ఏళ్ల తరబడి శాపనార్థాలు పెట్టాడు. ఆ గంగరాజే, కొట్టుకి ఫోటో తీస్తున్నారని వినగానే నూనెడబ్బా భుజాన వేసుకుని గడప దాటి లోపలికొచ్చాడు. నాకు నవ్వాగక అదీ ఒకటి తీశాను. వాడి వెనక సబ్బుల పెట్టె, పప్పుల బస్తా వచ్చాయి. బస్తా మీద తన పేరున్న వైపు గోడకి తిప్పి పెట్టాడు. అంతా సర్దేసి, ఫోటోకి ఎడంపక్క అర పల్చగా ఉందని మళ్లీ వెళ్లి అగరొత్తులు తెచ్చాడు. వీధి చివర మరమరాలు అమ్ముకునే సన్యాసమ్మ ఒక మూట తెచ్చింది. ఇళ్లలోంచి ఆడవాళ్లు మూత తీయని పౌడరు డబ్బాలు, టీపొడి పొట్లాలు తెచ్చి సర్దారు. మా నాగమణి కూడా రెండు సబ్బులు పట్టుకొచ్చింది, నావైపు చూడకుండా.

ఆఫీసరుగారు ఉన్నది ఉన్నట్టు తీయమన్నారని నేను నసిగాను.

అప్ప నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "పెల్లిసూపులంటే నువ్వు కోటు తొడుగుతావు గదా? నా కొట్టుకీ ఇయ్యి పెల్లిసూపులే. ఏటి, నాది కాకుండా ఇంకోటి నచ్చాలనా నీకు?"

కోటు మాట వినగానే కెమెరా సర్దుకున్నాను. నిండుగా ఉన్న కొట్టుని తీశాను. అప్పని తక్కెడ పక్కన నిలబెట్టాను. అంత బాగా కుదిరిన ఫోటో ఆ ఏడాది నేను ఇంకోటి తీయలేదు. తీసిన వెంటనే ఎవరి సరుకు వాళ్లు పట్టుకుపోయారు. మధ్యాహ్నానికి అరకొకటి మిగిలింది.

ఫోటోలు కడిగి రమణమూర్తిగారి ఆఫీసుకి పట్టుకెళ్లాను. ఆయన బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ దీక్షగా చూశారు. పద్మనాభంది, ఆ ఊరివాళ్లు ఎలాగూ టౌనులోనే కొంటారని వెనక్కి నెట్టేశారు. ఆటోనగర్‌ది చేత్తో తీసి పక్కన పెట్టారు. "ఇక్కడ చూడండి, సరుకు మొత్తం అమ్ముడైపోయింది. పంపిస్తే కొనే జనం ఉన్నారు" అన్నారు. కంచరపాలెంది చూసి తల అడ్డంగా ఊపారు. లారీ ఆగిపోయి ఇంతకాలమైనా అరలు కిటకిటలాడుతున్నాయంటే అక్కడ కొనే నాథుడే లేడన్నమాట, అలాంటి చోటికి మళ్లీ సరుకు పంపి ఏం లాభం అన్నారు.

ఇన్నాళ్లూ ఆయన దేన్నిబట్టి ఎంచుతారో చెప్పకపోవడం ఇందుకేనా? చెబితే అందరూ అరలు ఖాళీ చేసి కూర్చుంటారని చెప్పలేదట. వాళ్లు ఖాళీ చేయడం సంగతి అటుంచి, సిగ్గుపడి నింపేస్తారని ఆ పెద్దమనిషికి తోచలేదు. ఫోటోకి ముందు మొహం కడుక్కునే మనుషుల గురించి ఆయనకేం తెలుసు?

గొంతు పెంచి మొత్తం చెప్పేశాను. అదంతా వీధిలో ఎరువు తెచ్చిన సరుకని, గంగరాజు బస్తా అని, మా ఆవిడ సబ్బులని. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, ఇప్పుడు తానొచ్చి చూస్తే అరలు ఖాళీగానే ఉంటాయని, కానీ ఫోటోలో ఉన్న సరుకేమైందని పైవాళ్లు అడిగితే ఆవిడే దాచేసిందంటారని చెప్పారు. అది ఆవిడకి ఇంకా చేటు. "సరుకు తేకముందు తీసింది మీ దగ్గరేమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. ఒకే రీలులో వరసగా ఉన్నాయి. ముందు ఖాళీ కొట్టు, తరవాత డబ్బాతో గంగరాజు, ఆ తరవాత నిండిన కొట్టు. ఆ నెగటివ్ ముక్క చూపిస్తే ఎవరూ కాదనలేరు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తక్కెడ మీద పెట్టిన చెయ్యి నాదే. మళ్లీ వస్తానన్నాను. ఫైలు త్వరలో హైదరాబాదు వెళ్లిపోతుందని, ఏమున్నా ఆలోగా తెమ్మని ఆయన రెండుసార్లు చెప్పారు.

నేరుగా అప్ప దగ్గరికి వెళ్లాను. నెమ్మదిగా చెప్పి ఉంటే ఎలా ఉండేదో. నాకు నెమ్మదిగా చెప్పడం రాదు. నీ డాబే నీ కొంప ముంచిందని, లుంగీ కూడా మార్చని సన్యాసిరాజు గెలిచాడని, ఒక్క మాటను వెనక్కి తీసుకుంటే కొట్టు నిలబడుతుందని వీధికంతా వినపడేలా అరిచాను. గంగరాజు కొట్లోంచి తొంగిచూశాడు. అప్ప ఆఖరి అర తుడవడం పూర్తిచేసి అంది.

"వీధిలో అందరూ తెచ్చి కప్పినారు. నాను ఇప్పుడు ఆ ఆపీసులో ఇప్పీసి సూపించాలా? ఆలోసించుకోనీ."

ఆలోచించుకో, నీ ఇష్టం అని విసురుగా వచ్చేశాను. ఆ తరవాత కొన్నాళ్లు ఆవిడ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆ కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు నేను రోడ్డు అవతలి పక్కకి మారేవాణ్ని. నాగమణి ఇంట్లో పళ్లేలు చప్పుడు చేసేది, అది నామీద కోపమని నాకు తెలుసు.

ఒకరోజు పొద్దున నేను ఒక కుర్రాడికి కోటు తొడుగుతుంటే అప్ప స్టూడియోకి వచ్చింది. నేను వాడి వీపు వెనక గుడ్డ పోగుచేసి పిన్నీసు పెట్టడం చూస్తూ గోడవారన నిలబడింది. వాడు ఫోటో తీయించుకుని వెళ్లిపోయాక అడిగింది.

"ఎనకాల పిన్నీసు పొటోలో పడదు గదా?"

పడదన్నాను.

"నాది పడాల. ఆ ముక్క నాకియ్యి. నువ్వు మాట తప్పొద్దు, నానే సూపించుకుంటాను."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది దాచుకోవడానికి, ఇన్నాళ్లూ ఏం చేశావని మళ్లీ కసిరాను. నెగటివ్ ముక్క, దాని ఫోటోలు కవర్లో పెట్టి ఇచ్చాను. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

ఆఫీసులో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కవరు తనే విప్పి, ఖాళీ కొట్టు ఫోటో రమణమూర్తిగారి ముందు పెట్టింది. ఆ ఫోటోని ఆవిడ చూడలేకపోయింది. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పింది.

"ఇది నా కొట్టు బాబూ. కాళీగున్నాది. సరుకు లేక కాళీ అయినాది, జనం లేక కాదు. సిగ్గేసి నానే కప్పీసినాను. తప్పు నాది, వీధోళ్లది కాదు."

ఆయన ఫోటోని కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. ప్రతి అరలో ఒక్కొక్కటి ఎందుకుందని అడిగారు. అప్ప గాదె సంగతి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఫైలు అంతకుముందే వెళ్లిపోయిందని, ఆటోనగర్ పేరే రాసి పంపానని చెప్పడానికి ఆయనకి ఎంత కష్టమైందో మొహం చూస్తే తెలిసింది. అయినా మళ్లీ రాస్తానన్నారు. మా ఎదుటే ఉత్తరం రాసి, ఫోటోలు జతచేసి, బంట్రోతుని పిలిచి పోస్టుకి పంపారు.

తిరిగి వస్తూ బస్సులో అప్ప, ఇంత తేలికని తెలిస్తే ముందే చెప్పేదాన్నంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను ఆరోజు వీధిలో అరవకుండా ఉంటే ముందే చెప్పేదేమో కూడా.

హైదరాబాదు వాళ్లు మనసు మార్చుకోలేదు. ఆ సంగతి రమణమూర్తిగారు కాగితంతో సరిపెట్టకుండా తనే మా వీధికి వచ్చి, ఎండలో నిలబడి చెప్పారు. అప్ప ఆయనకి మంచినీళ్లిచ్చింది.

కొట్టు కట్టేసే రోజు పొద్దున్నే ఆయన, ఇద్దరు గుమాస్తాలు వచ్చారు. కెమెరాతో నేనూ ఉన్నాను. తాళం వేసి సీలు పెట్టిన తలుపులు కూడా ఫోటో తీసి ఇవ్వాలి, అదే నా ఆఖరి పని. వీధివాళ్లు ఎవరి గుమ్మాల్లో వాళ్లు నిలబడ్డారు. గుమాస్తాలు తక్కెడ, రాళ్లు, కుర్చీ ఒక మూలకి చేర్చారు. తరవాత అరల దగ్గరికి వెళ్లి ఉప్పు పొట్లం, సబ్బుబిళ్ల, అగ్గిపెట్టె, ఒక్కొక్కటే తీసి బుట్టలో వేయసాగారు. అవి సంస్థ సరుకు, వాటినీ స్వాధీనం చేసుకోవాలి. వాళ్ల తప్పేమీ లేదు. కానీ అప్ప అప్పటిదాకా నిలబడ్డ మనిషి గోడకి చేరబడిపోయింది. ఉద్యోగం పోయినప్పుడు కూడా ఆ మొహం అలా అవలేదు. అడుగు ఊడ్చేసిన గాదె మీద తలుపు వేయబోతున్నారు.

ముందు కదిలింది సన్యాసమ్మ. గబగబా ఇంట్లోకి వెళ్లి మరమరాల పొట్లం తెచ్చి, గుమాస్తాని తోసుకుంటూ వెళ్లి పై అరలో పెట్టింది. మా నాగమణి సబ్బు పెట్టింది. ఇంకెవరో టీపొడి, ఇంకెవరో కొవ్వొత్తులు. గంగరాజు ఈసారి భుజాన బస్తాతోనే వచ్చాడు. పేరున్న వైపు గోడకి తిప్పకుండా నడుమ దించాడు. పక్కన ఉప్పు పొట్లాలు పేర్చాడు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఖాళీ కొట్టు మీద తలుపు వేయకూడదు, అంతే.

గుమాస్తాలు ఆఫీసరు వైపు చూశారు. లోపల ఉన్నదేదైనా సీలు కిందికి పోయి వేలానికి వెళ్తుంది. రమణమూర్తిగారు గడపలో నిలబడి అరలన్నీ చూశారు. ఇవి సంస్థవి కావని, సీలు వేసే చోట ఉండటానికి వీల్లేదని, అన్నీ బయట మెట్టు మీద పెట్టించమని గుమాస్తాలకి చెప్పారు. తనూ కొవ్వొత్తుల కట్ట ఒకటి చేత్తో పట్టుకొచ్చి మెట్టు మీద పెట్టారు. తరవాత తలుపులు మూసి, తాళం వేసి, లక్క కరిగించి సీలు పెట్టారు.

ఇక ఎవరి సరుకు వాళ్లు తీసుకోవాలి. ఎవరూ తీసుకోలేదు. అప్ప గంగరాజుని పిలిచి, బస్తా పట్టుకుపొమ్మంది.

గంగరాజు చేతులు దులుపుకున్నాడు. "దించీసిన సరుకు మల్లీ ఎత్తుకోడానికి నానేటి, కలాసీనా?"

అని తన కొట్లోకి పోయి, మూలన పడున్న పాత చేతితక్కెడ, ఒక గోనెపట్టా తెచ్చి మెట్టు మీద పడేసి, అప్ప మొహం చూడకుండా వెళ్లిపోయాడు. ఎదురుకొట్టు వాడికి పోటీ తప్పిందని సంతోషించాల్సిన రోజది.

అప్ప ఆ తక్కెడ ఎత్తి పళ్లేలు కొంగుతో తుడిచింది. తరవాత గోనెపట్టా పరిచింది. పప్పు బస్తా పక్కకి జరిపి, ఉప్పు పొట్లాలు ముందు పెట్టి, సబ్బులూ కొవ్వొత్తులూ వెనక వరసలో సర్దింది. వెనక మూసిన తలుపులు, ఎర్రటి సీలు. పైన పచ్చబోర్డు మీద శ్రమజీవి బజారు. నడుమ ఆవిడ.

ఇన్ని కొట్లు మూస్తుంటే చూశాను గానీ ఒకటి తెరుస్తుంటే చూడలేదు. కెమెరా ఎత్తాను. అప్ప చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు బోణీ సెయ్యి తమ్ముడూ. బోణీ అవకుండా పొటో ఏటి?"

రమణమూర్తిగారు, వీధివాళ్లు, నాగమణి, అందరూ నావైపు చూస్తున్నారు. ఆ కొట్లో ఏనాడూ ఏమీ కొననివాణ్ని, కెమెరా మెడకి తగిలించుకుని అప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక ఉప్పు పొట్లం అడిగాను. ఉప్పు చేతికివ్వకూడదు కాబట్టి నా ముందు మెట్టు మీద పెట్టింది. నేనిచ్చిన డబ్బు కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది. జుట్టు సవరించుకుంది. పైట సర్దుకుని, చేతితక్కెడ ఒళ్లో పెట్టుకుని, ఇప్పుడు తియ్యమంది.

ఉన్నది ఉన్నట్టు తీశాను.